ఫ్యానాపండి పంతులుగారూ: దొంగభక్తి మీద పాట కట్టడంలో చిక్కులు

మా వీధి రామాలయం మంటపంలో ఒక సీలింగ్ ఫ్యాను ఉంది. మూడు రెక్కల మీదా ఎర్ర పెయింటుతో రాత: ఒకదాని మీద దాతగారి పేరు, ఒకదాని మీద ఆయన భార్య పేరు, మూడోదాని మీద గోత్రం. ఫ్యాను తిరిగినంతసేపూ గుండ్రంగా ఒక ఎర్ర చార కనిపిస్తుందే తప్ప అక్షరం ఆనదు. అందుకని దాతగారింటికి చుట్టాలొస్తే, ఆయన వాళ్ళని గుడికి తీసుకొచ్చి ముందు స్విచ్ దగ్గరికి వెళ్తారు. రెక్కలు నెమ్మదించి ఆగేదాకా అందరూ తలలెత్తి నిలబడతారు. చదవడం అయ్యాక అప్పుడు దణ్ణం.

దీని మీద ఒక పాట కట్టాలని ఎన్నాళ్ళ నుంచో నా చెయ్యి దురద. ఒక శ్రీరామనవమికి ముందు మా భజన కుర్రాళ్ళు వచ్చి "కొత్తది ఏదైనా రాసివ్వండి మాస్టారూ, నవ్వొచ్చేట్టు ఉండాలి" అంటే, ఆ సాకుతో కూర్చున్నాను. ఒక పూటలో తేలిపోయే పని అనుకున్నాను. పది రోజులు పట్టింది. రాసింది కొట్టేయడం, పాతవాళ్ళు ఈ పని ఎలా చేశారో తీసి చూడటం, మళ్ళీ రాయడం. ఆ పది రోజుల్లో తెలిసిన సంగతులే ఇక్కడ చెప్పబోతున్నాను.

మొదటి రాత్రి రాసింది ఇది:

కపట భక్తులారా కళ్ళు తెరవండి
పేరు పిచ్చి మాని దారి మారండి

రాసినప్పుడు బాగానే ఉందనిపించింది. పొద్దున చదివితే ఎన్నికల ఆటోలో మైకులాగా ఉంది. ఇందులో మనిషి లేడు, ఫ్యాను లేదు, గుడి లేదు. "కపట భక్తులారా" అంటే వినేవాళ్ళలో ప్రతి ఒక్కరూ పక్కవాడి వైపు చూస్తారు. పైగా, కళ్ళు తెరవమని చెప్పడానికి నేనెవర్ని? నా పేరూ మా అపార్ట్‌మెంట్ వినాయకుడి చందా పోస్టర్లో ఉంది, ఫొటోతో సహా.

ఈ రకం పాటలో అసలు చిక్కు ఏమిటంటే, మూడు వేరువేరు సంగతులు ఒకే గదిలో ఉంటాయి. దేవుడు ఒకటి. దేవుడి మీద మనిషికుండే నమ్మకం ఒకటి. ఆ నమ్మకాన్ని చూపించి నడుపుకునే వ్యవహారం ఇంకొకటి. రాసేవాడు మూడోదానికి గురిపెడతాడు. వినేవాడి చెవిలో అది మొదటిదానికి తగిలినట్టు మోగుతుంది. గురి తప్పిందా, దొంగభక్తుడు హాయిగా దేవుడి వెనక దాక్కుంటాడు. "నన్నంటే అన్నావు, స్వామిని అంటావా" అని గొడవకొస్తాడు. అక్కడితో పాట చచ్చిపోయి పంచాయితీ మొదలవుతుంది.

మరి పాతవాళ్ళు ఈ మూడింటినీ ఎలా విడదీశారు?

వేమన పేరు ఎవరైనా ముందు చెబుతారు. "చిత్తశుద్ధి లేని శివపూజలేలరా" అని బడిలో అందరం చేతులు కట్టుకుని అప్పజెప్పినవాళ్ళమే. అదే ఇబ్బంది కూడా. ఆ పద్యం మనకి ఎంత అలవాటైపోయిందంటే చిత్తశుద్ధి లేని శివపూజ చేస్తూ కూడా మధ్యలో పాడగలం. అందుకని వేమనకి దణ్ణం పెట్టి ముందుకు పోతున్నాను. నాకు ఈ పది రోజుల్లో ఎక్కువ నేర్పింది త్యాగరాజు.

త్యాగరాజు అనగానే కళ్ళు మూసుకుని తంబురా పట్టుకున్న బొమ్మ గుర్తొస్తుంది. ఎగతాళి చేసే మనిషిలా కనబడడు. కానీ ధేనుక రాగంలో "తెలియలేరు రామ భక్తి మార్గమును" అనే కీర్తన చరణం ఒకసారి పాట మరిచిపోయి మాటలుగా చదవండి:

వేగ లేచి నీట మునిగి భూతి పూసి వేళ్ళనెంచి
వెలికి శ్లాఘనీయులై బాగ పైకమార్జన లోలులైరే గాని

తెల్లారుజామున లేచి, నీళ్ళలో మునిగి, విభూతి పూసుకుని, వేళ్ళ మీద జపం లెక్కపెట్టి, బయటికి అందరూ మెచ్చుకునేలా కనబడి... చేసేదేమిటయ్యా అంటే, బాగా పైకం సంపాదించే యావలో పడ్డారు. అంతేగాని రామభక్తి దారి వాళ్ళకి తెలియలేదు.

ఇక్కడ తెలుగు వాక్యం చేసే పని చూడండి. లేచి, మునిగి, పూసి, ఎంచి. అన్నీ అసమాపక క్రియలే. ఒక్కో పనీ పవిత్రంగానే ఉంది, కానీ వాక్యం ఇంకా ముగియలేదు. మన భాషలో అసలు క్రియ చివర్న వస్తుంది కాబట్టి, వినేవాడు "అయితే? అయితే?" అని ముందుకి వంగుతాడు. ఆ వంగిన తల మీద "పైకం" అనే బజారు మాట పడుతుంది. ధనమనో, విత్తమనో అనలేదు. కొట్టు దగ్గర వినబడే మాట వేశాడు. "ఎంచి" కూడా ఊరికే పడిన మాటలా నాకు తోచదు. వేళ్ళ మీద లెక్కపెట్టేది జపం అనుకుంటాం; అర నిమిషం తిరిగేసరికి పైకం వస్తుంది. అవే వేళ్ళు, అదే లెక్క. త్యాగరాజు అలా అనుకునే రాశాడని నేను రుజువు చెయ్యలేను గానీ, ఒకసారి అలా వినబడ్డాక ఇంకోలా వినడం కష్టం.

ఇంకో సంగతి: ఆయన వాళ్ళని "మీరు దొంగలు" అనలేదు. "తెలియలేరు" అన్నాడు. అదీ వాళ్ళతో కాదు, రాముడితో చెప్పాడు. ఇంట్లో పెద్దాయన దగ్గర కూర్చుని "చూశావా వీళ్ళ వరస" అన్నట్టు. తిట్టు తగలాల్సినవాడికి తగులుతుంది, దేవుడు మాత్రం తీర్పరి కుర్చీలో క్షేమంగా ఉంటాడు. నా మొదటి ముసాయిదాలో లేనిది ఇదే. నేను నేరుగా జనం మీదికి వెళ్ళాను. ఆయన దేవుడి పక్కన కూర్చున్నాడు.

ఈ తెల్లవారుజాము స్నానం త్యాగరాజు కనిపెట్టిందేం కాదు. ఆయనకి రెండున్నర శతాబ్దాల ముందే కన్నడంలో పురందరదాసు "ఉదర వైరాగ్యవిదు" అన్నాడు. పొట్టకూటి వైరాగ్యం అని. అందులోనూ ఒకాయన పొద్దున్నే లేచి, గడగడ వణుకుతూ నదిలో మునిగి, మునిగానని మురిసిపోతాడు. లోపల మదం, మాత్సర్యం, క్రోధం దిట్టంగా కుక్కి ఉంటాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు ఆశ్చర్యపోవాలి, అదీ అసలు పని. ఆ "గడగడ నడుగుత" అన్న మాట వింటే మనకి కూడా చలేస్తుంది. ఇంకో చరణంలో ఒకాయన పూజ గదిలో కంచు, ఇత్తడి బొమ్మలన్నీ పోగేసి, తళతళా మెరవాలని బోలెడు దీపాలు వెలిగిస్తాడు. అది చూస్తే కంచరి కొట్టులా ఉందంటాడు దాసుగారు. పురందరదాసు హరిదాసుగా మారక ముందు పెద్ద వర్తకుడని సంప్రదాయ కథ. కొట్టు నడిపినవాడి కంటికే పూజ గదిలో కొట్టు కనబడుతుంది కాబోలు. త్యాగరాజు తన ప్రహ్లాద భక్తి విజయం మొదట్లో పురందరదాసుకి నమస్కారం పెట్టుకున్నాడు. ఈ ఎగతాళి కూడా ఆ వారసత్వంలో వచ్చిందే అనుకుంటాను.

త్యాగరాజుదే ఇంతకంటే ఘాటైనది ఆభోగి రాగంలో ఉంది. "మనసు నిల్ప శక్తి లేకపోతే మధుర ఘంట విరుల పూజేమి జేయును" అన్న కీర్తన. కచేరీల్లో బాగా వినబడుతుంది. అనుపల్లవిలో, పొగరుతో మునిగినవాణ్ణి కావేరి గానీ మందాకిని గానీ ఎలా కాపాడుతుంది అంటాడు. ఈ మాట అంటున్నది తిరువయ్యారులో, కావేరి ఒడ్డున కాపురం ఉంటున్న మనిషి. రోజూ పొద్దున ఆయన వీధివాళ్ళంతా మునిగేది ఆ నదిలోనే. ఊరి నదిని పేరు పెట్టి పిలవడానికి ధైర్యం కావాలి. గంగ అని ఊరుకుంటే ఎవరికీ తగిలేది కాదు. ఆ తర్వాత చరణం:

సోమిదమ్మ సొగసుగాండ్ర గోరితే
సోమయాజి స్వర్గార్హుడౌనో

సోమిదమ్మ అంటే సోమయాగం చేసే సోమయాజిగారి భార్య. ఆవిడ మనసు అందగాళ్ళ మీద ఉంటే ఆయనకి స్వర్గం దక్కుతుందా అని. దీని వెనక యజ్ఞం లెక్క ఒకటి ఉంది. భార్య పక్కన లేకపోతే సోమయాగం సాగదు. ఆవిడ ఉత్తగా పీట మీద కూర్చున్నా కుదరదు, మనసు కూడా అక్కడే ఉండాలి. మనిషి లోపల మనసు సోమిదమ్మ, బయట చేసే కర్మ సోమయాజి. ఉపమానం తూకం వేసినట్టు సరిపోయింది. కూచిపూడివాళ్ళ పగటి వేషాల్లో కూడా సోమయాజులు సోమిదేవమ్మ వేషం ఉంది. ఆ జంట మీద నవ్వు అప్పటి జనానికి కొత్తేమీ కాదన్నమాట. వీధిలో నవ్వే నవ్వుని ఆయన కీర్తనలోకి తీసుకొచ్చాడు.

అయినా ఆ చరణం దగ్గర నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఉపమానం ఎంత సరిపోయినా, చివరికి నవ్వు పడింది ఆడమనిషి మీద. సోమయాజిగారి చూపులు ఎటున్నాయో ఎవరూ అడగలేదు. ఎగతాళి పాటలో ఇది ఎప్పుడూ పొంచి ఉండే గొయ్యి. పెద్దవాణ్ణి కొట్టబోయి, పక్కనున్న తేలికపాటి మనిషిని కొడతాం.

నేనూ ఆ గొయ్యిలో పడ్డాను. రెండో ముసాయిదా పూజారిగారి మీద రాశాను. దాతల గోత్రనామాలు సాగదీసి చదువుతారు, చందా ఇవ్వనివాళ్ళవి మింగేస్తారు అని. మా ఆవిడ చదివి, "ఆ పళ్ళెంలో చిల్లర పడకపోతే వాళ్ళింట్లో మర్నాడు పాలుండవు. మీకు దొరికింది ఆయనా?" అంది. కాగితం చింపేశాను. మన సినిమాల్లో కూడా చాలాసార్లు ఇదే జరుగుతుంది. గుడి భూములు కాజేసినవాడు విలన్‌గా గంభీరంగా ఉంటాడు. బక్కపల్చటి పూజారి మాత్రం కామెడీ ట్రాక్‌కి దొరుకుతాడు.

ఆభోగి కీర్తనకి ఇంకో గతి పట్టింది, అది ఎగతాళి పాటలన్నింటికీ పట్టగల గతి. ఇప్పుడు అది విని ఎవరూ ఉలిక్కిపడరు. ఆభోగిలో పంచమం, నిషాదం రెండూ ఉండవు. రాగం చురుగ్గా, తేలిగ్గా పరిగెడుతుంది. గాయకులు దాన్ని జోరుగా ఎత్తుకుంటే సభంతా తాళంలో పడిపోతుంది. ఒకసారి కచేరీలో నా పక్క సీటు పెద్దాయన సరిగ్గా సోమిదమ్మ దగ్గర "ఆహా" అంటూ తొడ మీద చరుచుకున్నారు. ఆయన మెచ్చుకుంది స్వరకల్పననే. పాట మరీ అందంగా ఉంటే అందులోని ముల్లు అరిగిపోతుంది.

తిరువయ్యారులో చరిత్ర ఇంకా చేదుగా నడిచింది. త్యాగరాజు సమాధి దగ్గర ఏటా పుష్య బహుళ పంచమికి ఆరాధన జరుగుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆయన శిష్య పరంపరవాళ్ళే రెండు కక్షలుగా చీలి ఎవరి ఆరాధన వాళ్ళు చేసుకున్నారు. ఆడవాళ్ళు అక్కడ పాడకూడదన్నారు. ఆ సమాధికి గుడి కట్టించిందేమో బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసి కుటుంబంలో పుట్టిన విదుషీమణి. తను సంపాదించుకున్న సొమ్ము ధారపోసి 1926లో ప్రతిష్ఠ చేయించింది. ఆవిడ కట్టించిన గుడి ముందు ఆవిడే పాడటానికి వీల్లేదు. నాగరత్నమ్మ ఊరుకోలేదు. ఆడవాళ్ళ చేత వేరే ఆరాధన మొదలుపెట్టించింది. కక్షలన్నీ కలిసి ఒకే ఆరాధన అవడానికి 1940లు రావలసి వచ్చింది. "తెలియలేరు రామ భక్తి మార్గమును" అని పాడిన మనిషి సమాధి దగ్గరే ఇదంతా జరిగింది. దీని మీద వేరే పాట కట్టక్కర్లేదు, ఆయన పాటే సరిపోతుంది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. దేవుణ్ణే దెబ్బలాడే పాటలు మనకి వేరే ఉన్నాయి. భద్రాచల రామదాసు సీతమ్మకి చింతాకు పతకం చేయించిన ఖర్చు లెక్క చెప్పి, "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని రాముడి మీదికే వెళ్ళాడు. మరుక్షణంలో, ఈ దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను, నొచ్చుకోకు అని బతిమాలుకున్నాడు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి ఒక శతకమంతా ఇలా దెప్పిపొడిచాడు. ఇది నిందాస్తుతి. పైకి తిట్టు, లోపల చనువు. అన్నం పెట్టే తల్లి మీద పిల్లాడు అలిగినట్టు. మనం మాట్లాడుకుంటున్న ఎగతాళి దీనికి తలకిందులు. ఇందులో దేవుడితో గొడవ లేదు, గొడవంతా దేవుడి చుట్టూ మూగినవాళ్ళతో. రెంటినీ కలిపేస్తేనే ఇబ్బంది. రామదాసుకున్న చనువు తమకీ ఉందనుకుని దేవుడి మీద జోకులు వేసి, పైగా "మన సంప్రదాయంలో ఉన్నదేగా" అనేవాళ్ళని చూశాను. ఆ చనువు ఊరికే రాదు. రామదాసు గోల్కొండ ఖైదులో కూర్చుని తిట్టాడు.

ఇప్పటిదాకా చెప్పినవాళ్ళంతా గుడి లోపలివాళ్ళు. లోపలికి రానివ్వనివాడు పాడితే ఎలా ఉంటుంది? గుర్రం జాషువా 1941లో గబ్బిలం రాశాడు. మేఘసందేశంలో యక్షుడికి మేఘం దొరికింది. ఇక్కడ అంటరానివాడికి రాయబారిగా దొరికింది గబ్బిలం. అది ఇంట్లోకొస్తే అపశకునమంటారు, అయినా గుడి కప్పుకి వేలాడుతుంటే ఎవరూ ఏమీ అనరు. మనిషికి లేని ప్రవేశం దానికి ఉంది. కాశీలో శివుడికి తన గోడు చెప్పమని దాన్ని పంపుతూ అంటాడు:

ఆలయంబున నీవు వ్రేలాడు వేళ
శివుని చెవి నీకు కొంత చేరువుగ నుండు
మౌని ఖగరాజ్ఞి! పూజారి లేని వేళ
విన్నవింపుము నాదు జీవిత చరిత్ర

"పూజారి లేని వేళ." ఎగతాళి అంతా ఆ మూడు మాటల్లో ఉంది, అదీ గొంతు పెంచకుండా. శివుడు వింటాడు, ఆయన మీద ఫిర్యాదేం లేదు. మధ్యలో మనిషి ఉన్నప్పుడే వినబడదు. నేను ఇందాక పూజారిని కొట్టొద్దన్నాను గదా, మరి ఇదేమిటని అడగొచ్చు. జాషువా పూజారి చిల్లర గురించి మాట్లాడలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఎవరు లోపలికి రావాలో తేల్చే అధికారం గురించి మాట్లాడాడు. ఆ కావ్యంలోనే ఇంకో పద్యంలో కోపం బయటపడుతుంది. ప్రతిమల పెండ్లికి వందలు వేలు ఖర్చు పెడతారు గాని, పేదల ఖాళీ పాత్రల్లో "మెతుకు విదల్చదీ భరతమేదిని" అంటాడు. మెతుకు పెట్టదు అనలేదు, విదల్చదు అన్నాడు. చేతికి అంటుకున్న మెతుకు విదిలిస్తే పడిపోయేదే, అది కూడా పడదట. లెక్కకి ఇవి పద్యాలే గానీ, మన దగ్గర పద్యాన్ని ఎవరు చదువుతారు? రాగం తీసి పాడతారు. జాషువా పద్యాలు పుస్తకం తెరవనివాళ్ళకి కూడా హార్మోనియం మీదుగానే చేరాయి.

జాషువాకి ఇంకో పక్క నుంచి కూడా దెబ్బలు తగిలాయి. క్రైస్తవ కుటుంబంలో పుట్టి హిందూ పురాణాల మీద కవిత్వం ఏమిటని అటువాళ్ళు, అంటరానివాడికి పద్యాలేమిటని ఇటువాళ్ళు. మతం ఏదైనా ఈ జబ్బు ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కబీరు కూడా ముల్లానీ పండితుణ్ణీ ఒకే గాటన కట్టి వాయించినవాడే. అయితే మామూలు మనిషికి ఎవరింటి గుట్టు వాళ్ళకే తెలుస్తుంది. పక్కింటి పూజ గది మీద రాసే ఎగతాళి చాలాసార్లు ఎగతాళిగా మిగలదు, పాత కక్షగా మారుతుంది. నేను రాసేటప్పుడు పెట్టుకున్న హద్దు ఇదే: నాకు ప్రసాదం పెట్టే గుడి మీదే నా పాట.

ఇక వరస సంగతి. ఏ ట్యూన్‌లో కట్టాలన్నది మాటలకంటే పెద్ద నిర్ణయం కావచ్చు. దీనికి మంచి ఉదాహరణ మన దగ్గరిది కాదు, అమెరికాది. 1900ల మొదట్లో అక్కడ కూలీల సంఘంవాళ్ళు వీధి మూలల్లో ఉపన్యాసాలు ఇచ్చేవారు. పక్కనే సాల్వేషన్ ఆర్మీ బ్యాండు ప్రార్థన గీతాలు వాయించి ఆ గొంతులు వినబడకుండా చేసేది. కూలీలు బ్యాండుతో గొడవ పెట్టుకోలేదు. అదే వరసలో తమ మాటలు పెట్టి పాడటం మొదలుపెట్టారు. వాయిద్యం ఖర్చు వాళ్ళది, పాట వీళ్ళది. స్వీడన్ నుంచి వలస వచ్చిన జో హిల్ అనే కూలీ 1911లో అలా కట్టిన పాటలో, ఒక బోధకుడు ఆకలితో ఉన్నవాడికి చెబుతాడు: ఇప్పుడు కష్టపడు, గడ్డి తిను, చచ్చాక ఆకాశంలో నీకు తీపి తినుబండారం దొరుకుతుంది అని. జనం ప్రార్థనలో పాడుకునే వరసే కాబట్టి ఎవరికీ కొత్తగా నేర్పే పని పడలేదు. ఆ తర్వాత అసలు ప్రార్థన గీతం వినబడినా ఈ మాటలే గుర్తొచ్చేవి కాబోలు. అరువు వరసలో ఉన్న అసలు విషం అది.

మన దగ్గర పేరడీకి కొదవ లేదు, జరుక్ శాస్త్రిగారి లాంటి ఉద్దండులే ఉన్నారు. కానీ ఇప్పుడు పేరడీ అంటే సినిమా ట్యూనే. భజన బృందానికి సినిమా ట్యూన్ ఇస్తే నవ్వొస్తుంది గాని కాటు ఉండదు, ఎందుకంటే ఆ ట్యూన్‌కి గుడితో సంబంధం లేదు. గుడి గురించి నవ్వాలంటే గుడి వరసే కావాలి. అందుకని చెక్కభజన నడకే తీసుకున్నాను. ఒకడు ఎత్తుకుంటే మిగతావాళ్ళు పల్లవి అందుకోవాలి. పల్లవి పది మంది నోట మళ్ళీ మళ్ళీ పడుతుంది కాబట్టి, అందులో ఉన్న మాట ఎంత చిన్నదైతే అంత మంచిది.

ఆఖరి చిక్కు గొంతుది. పాట ఎవరు పాడుతున్నట్టు ఉండాలి? 1785లో స్కాట్లండులో రాబర్ట్ బర్న్స్ ఒక చర్చి పెద్ద మీద రాసిన కవితలో కవి ఎక్కడా కనబడడు. ఆ పెద్దాయనే దేవుడికి ప్రార్థన చేసుకుంటూ, తనకి తెలియకుండానే తన బండారమంతా బయటపెట్టుకుంటాడు. ఇది చదివాక నా ముసాయిదాలో లోపం పూర్తిగా అర్థమైంది. దాతగారి గురించి నేను పాడకూడదు. దాతగారే పాడుకోవాలి. ఒక్కసారి ఆయన గొంతు చెవిలో పడ్డాక మిగతాదంతా గంటలో వచ్చేసింది:

ఫ్యానాపండి పంతులుగారూ, పేరు చదవాలి
మా పెదమావొచ్చాడు ఊర్నించి, పేరు చూడాలి ॥ఫ్యానాపండి॥

మూడు రెక్కల మీద రాయిస్తే ముచ్చటగా పేరు
గిరగిర తిరిగి మింగేసిందండి, చూసేదెవ్వారు ॥ఫ్యానాపండి॥

స్వామికి చెమటలు పడితే పట్టనీ, కాసేపే కాదా
చందా కట్టిన రసీదుంది, చూపించమంటారా ॥ఫ్యానాపండి॥

గొప్ప కవిత్వమని చెప్పను. "కాదా"కి "అంటారా" ప్రాస కుదిరీ కుదరనట్టుంది. కానీ మొదటి ముసాయిదాలో లేనివి ఇందులో ఉన్నాయి: స్విచ్, పెదమావయ్య, రసీదు. కపటం అన్న మాట లేదు. దేవుడి మీద ఎవరూ చెయ్యెత్తలేదు, పాపం ఆయనే చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. పంతులుగారు నోరు మెదపలేదు, ఉద్యోగం కదా. "స్వామికి చెమటలు పడితే పట్టనీ" దగ్గర చాలాసేపు ఆగాను. తీసేద్దామా అనుకున్నాను. ఆ మాట దేవుణ్ణి చిన్నచేస్తుందా, దాతని చిన్నచేస్తుందా? మా ఆవిడకి వినిపించాను. "రాముడికి ఉక్కపోస్తే మనకేగా బాధ" అంది. ఉంచేశాను.

కుర్రాళ్ళలో ఒకడు లా చదువుతున్నాడు. "కేసవుతుందేమో మాస్టారూ" అన్నాడు. అతను చెప్పింది క్లుప్తంగా ఇది. మత భావాలను అవమానించడం మీద ఐపీసీలో 295-ఎ సెక్షన్ ఉండేది, 1927లో చేర్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 299వ సెక్షన్. మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. కాకపోతే చట్టంలో "ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో" అన్న షరతు ఉంది. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందంటూనే, తెలియకో అజాగ్రత్త వల్లో జరిగే అవమానం దాని కిందికి రాదని చెప్పింది. ఇదంతా కోర్టులో తేలే మాట. స్టేషన్ చుట్టూ తిరిగే టెన్షన్ దానికంటే ముందే మొదలవుతుంది. పోగా, ఫోనులో తీసిన వీడియోలో ముందూ వెనకా కత్తిరించి "స్వామికి చెమటలు" అన్న ఒక్క ముక్క తిప్పితే, అది ఎవరి గొంతులో చెప్పించిన మాటో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? దాత గొంతుతో రాయడంలో ఉన్న బలమే అక్కడ బలహీనత. దీనికి నా దగ్గర మందు లేదు. పెదమావయ్యని పల్లవిలోనే పెట్టడానికి అదీ ఒక కారణం. ఏ ముక్క కత్తిరించినా పల్లవి వెంటనే అందుకుంటుంది, పాడుతున్నది ఎవరో కొంతైనా తెలుస్తుంది.

నవమి రాత్రి పానకం పంపిణీ అయ్యాక కుర్రాళ్ళు చెక్కలు అందుకున్నారు. మొదటిసారి పల్లవి ఎత్తుకోగానే ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు మొదలైంది. రెండోసారికి పిల్లలు అందుకున్నారు. చరణం పూర్తయ్యేలోపు జనం తలలెత్తి ఫ్యాను వైపు చూస్తున్నారు. అది తన పాటికి తను తిరుగుతోంది. నేను మాత్రం స్తంభం వెనక నిలబడి దాతగారి మొహమే చూస్తున్నాను. ఆయన ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వుతున్నారు, చప్పట్లు కూడా కొడుతున్నారు.

ప్రసాదం పుచ్చుకుని బయటికొస్తుంటే వెనకనించి భుజం మీద చెయ్యి పడింది.

"పాట చాలా బాగుంది మాస్టారూ," అన్నారు దాతగారు. "కానీ అందులో నా పేరు ఎక్కడా రాలేదేం?"